పాతర మీద మంచం: ఒక ఇంటి నీళ్లూ గాలీ పరీక్షించిన కేసు

అనంతపురం జిల్లాలో ఒక చిన్న పట్టణం. పేరు రాయడం లేదు. ఒక ఇంటి లెక్క బయటికొస్తే దాన్ని వీధి మొత్తానికి అంటగట్టి, ఆ వీధిలో ఇల్లు కొనేవాళ్లే లేకుండా చేయడం ఇదివరకు ఒకసారి చూశాను. ఇంటివాళ్లు కూడా పేర్లు వద్దన్నారు. అందుకే పెద్దాయన, అవ్వ అనే రాస్తాను.

నా చదువు భూగర్భ జలాలు. మొదట్లో బోరు పాయింట్లు చూసేవాణ్ని. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగేవాళ్లతో పోటీకి నిలవలేక కొంత, ఇష్టం కొద్దీ కొంత, నీళ్ల పరీక్షల వైపు మళ్లాను. రేడాన్ (రాతి నుంచి వచ్చే రేడియోధార్మిక వాయువు) కోసం నన్ను పిలిచిన మొదటి ఇల్లు ఇదే. సాధారణంగా ఫ్లోరైడ్ గురించే పిలుస్తారు, అదీ పిల్లల పళ్లు పాడైన తర్వాత.

పెద్దాయన ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఫోన్‌లో మొదటి మాటే ఇది: "సార్, మా నీళ్లలో యురేనియం ఉండాదంట, ఇంట్లో గాలిలో రేడాన్ ఉండాదంట. ఇల్లు ఇడిచిపెట్టి పోవాల్నా?"

ఎవరు చెప్పారంటే, వాటర్ ఫిల్టర్లు అమ్మే ఒక కుర్రాడు. బల్ల మీద రెండు గ్లాసులు పెట్టి, ఒకదాంట్లో వీళ్ల బోరు నీళ్లు, ఇంకోదాంట్లో తన మిషన్ నీళ్లు పోసి, నాలుగు కడ్డీలున్న కరెంటు పరికరాన్ని రెండింట్లోనూ ముంచాడు. రెండు నిమిషాల్లో బోరు నీళ్లు మడ్డి మడ్డిగా, తుప్పు రంగులో తెట్టె కట్టాయి. రెండో గ్లాసు తెల్లగానే ఉంది. "ఇదీ మీరు రోజూ తాగేది" అన్నాడట. అవ్వ ఆ రాత్రి అన్నం తినలేదు. బెంగళూరులో ఉన్న కొడుకు మరుసటి రోజే డబ్బు పంపించి మిషన్ బిగించేశాడు.

నేను వెళ్లిన రోజు చేసిన మొదటి పని, అదే మిషన్ నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి, అటువంటి కడ్డీలే ముంచి చూపించడం. అవీ తుప్పు రంగుకు తిరిగాయి. ఆ కడ్డీల్లో కొన్ని ఇనుపవి, కొన్ని అల్యూమినియంవి. ఉప్పులున్న నీళ్లలో కరెంటు బాగా పారుతుంది, ఇనుము కరిగి తుప్పుగా తేలుతుంది. కుర్రాడి మిషన్ ఉప్పుల్ని వడకట్టే ఆర్వో రకం. ఆ నీళ్లలో ఉప్పులు దాదాపు ఉండవు కాబట్టి కరెంటు పారదు. గ్లాసులో కనపడిన మడ్డి కడ్డీ నుంచి వచ్చింది, నీళ్ల నుంచి కాదు. ఆ ఆటతో యురేనియం ఉందో లేదో ఎవరికీ తెలియదు. అయితే కుర్రాడు గుడ్డిగా వేసిన రాయి ఒకటి తగలాల్సిన చోటే తగిలిందని నాకు నాలుగు నెలల తర్వాత గానీ తెలియలేదు.

వాళ్ల భయానికి ఇంకో కారణం కూడా ఉంది, అది రెండో కాఫీ అయ్యాక బయటికొచ్చింది. పెద్దాయన తమ్ముడు ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. అదే ఇంట్లో, వెనక గదిలో పడుకునేవాడు. ఇప్పుడు ఆ గదిలో ఏడేళ్ల మనవడు, అవ్వ పడుకుంటున్నారు. కూతురు కాన్పుకు రాబోతోంది, ఆమెకూ ఆ గదే అనుకున్నారు.

ఇల్లూ, రాయీ

పాత మిద్దె ఇల్లు. రాతి గోడలు, దూలాలు, మీద మట్టి. ముందు భాగం పగలగొట్టి స్లాబు వేశారు, వెనక గది మాత్రం పాతదే. నేలకు కడప బండలు. వెనక గోడకు ఆనుకునే ఎర్ర గ్రానైటు గుండు ఉంది. బోరు 620 అడుగులు, కేసింగ్ (మట్టి, పైనీళ్లు దిగకుండా బోరు పైభాగంలో దించే గొట్టం) 40 అడుగులు. బోరు నీళ్లు మీది ట్యాంకుకు ఎక్కి వంటింట్లోకి వస్తాయి. మున్సిపాలిటీ నీళ్లు మూడు రోజులకొకసారి వచ్చి సంపులో పడతాయి.

తాగేది ఏ నీళ్లు అని అడిగితే బోరువే అన్నారు. రిజర్వాయరు నుంచి పైపులైనులో వచ్చే నీళ్లతో బట్టలు ఉతుకుతున్నారు, ఎందుకంటే వాటికి సబ్బు బాగా నురగ వస్తుంది. ఒకసారి వానాకాలంలో అవి ఎర్రగా వచ్చాయట, అప్పటి నుంచీ నమ్మకం పోయింది. బోరు నీళ్లు తేటగా, నోటికి తియ్యగా ఉంటాయి. ఈ జిల్లాలో నేను చూసిన ఇళ్లలో ఇది చాలా మామూలు: మంచి నీళ్లు బట్టలకు, చెడ్డ నీళ్లు బిందెలోకి.

యురేనియం అనగానే మన సీమలో అందరికీ కడప జిల్లా తుమ్మలపల్లె గుర్తొస్తుంది. అక్కడిది డోలమైటు పొరల్లో ఉన్న ఖనిజం, గని. ఇక్కడ గనీ లేదు, ఖనిజమూ లేదు. ఇక్కడున్నది గ్రానైటు. మామూలు గ్రానైటులోనే టన్నుకు మూడు నాలుగు గ్రాముల యురేనియం సహజంగా ఉంటుంది. అది కోట్ల ఏళ్లుగా కొద్దికొద్దిగా మారుతూ రేడియం అవుతుంది, రేడియం నుంచి రేడాన్ అనే వాయువు పుడుతుంది. రంగు, వాసన, రుచి ఏదీ లేదు. 3.8 రోజుల్లో సగం మిగులుతుంది. వాయువు కాబట్టి రాతి పగుళ్లలో నుంచి కదులుతుంది: నీళ్లు దొరికితే నీళ్లలో కలుస్తుంది, గాలి దొరికితే గాలిలో. బయట తేలిపోతుంది. గదిలో చిక్కుకుంటే పేరుకుంటుంది. ఊపిరితిత్తులకు హాని చేసేది ముఖ్యంగా దాని నుంచి పుట్టే పొలోనియం వంటి పిల్ల మూలకాలు. అవి దుమ్ముకు అంటుకుని లోపలికి పోయి అక్కడే ఉండిపోతాయి.

సీసాలు నింపడం

నీళ్ల పరీక్షల్లో ల్యాబు చేసే తప్పులకంటే కుళాయి దగ్గర మనం చేసే తప్పులే ఎక్కువ. ఫ్లోరైడ్‌కు గాజు సీసా పనికిరాదు, ప్లాస్టిక్ సీసా కావాలి. యురేనియం సీసాలో నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేయాలి, లేకపోతే కొంత సీసా గోడలకే అంటుకుపోతుంది. నైట్రేట్ సీసా ఐసు డబ్బాలో పెట్టాలి.

రేడాన్‌ది అన్నిటికంటే పేచీ. సోడా మూత తీస్తే గ్యాసు పోయినట్టు, నీళ్లు ఎత్తు నుంచి పడితే చాలు సగం పోతుంది. బోరు పావుగంట నడిపించి, నీటి వేడి, ఉప్పుల రీడింగు నిలబడ్డాక, సన్న గొట్టాన్ని బకెట్టు అడుక్కి దించి, 250 మిల్లీలీటర్ల చిన్న సీసాను నీళ్లలోనే నింపి, నీళ్లలోనే మూత బిగించాలి. బుడగ ఒక్కటి కనపడినా పారబోసి మళ్లీ నింపాలి. గడియారం చూసి టైము రాసుకోవాలి, ఎందుకంటే రేడాన్ కొలిచే మిషన్ మీదికి చేరేలోపు ఒక రోజు గడిస్తే ఆరో వంతు తరిగిపోయి ఉంటుంది, దాన్ని లెక్కలో తిరిగి కలపాలి. మొదటిసారి నేను మీది ట్యాంకు కుళాయి దగ్గర పట్టాను, తొందరలో. ఆ సీసా లెక్కకు రాదని పెద్దాయనకు చెప్పడానికి కొంచెం సిగ్గుపడ్డాను.

బోరు నీళ్లలో ఏముంది

ఫ్లోరైడ్ లీటరుకు 3.4 మిల్లీగ్రాములు. తాగునీటికి మన దేశపు ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన ఐఎస్ 10500 ప్రకారం 1.0 లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఓర్చుకోవచ్చు. నైట్రేట్ 88, దాటకూడనిది 45. యురేనియం 41 మైక్రోగ్రాములు. టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన ఉప్పులు మొత్తం, 1180. కాల్షియం 38 మాత్రమే, బైకార్బొనేట్ మాత్రం దండిగా ఉంది. నీళ్లు ఎందుకు తియ్యగా ఉన్నాయో, ఫ్లోరైడ్ ఎందుకు ఎక్కువుందో రెండింటికీ జవాబు ఇక్కడే దొరికింది. కాల్షియం ఎక్కువున్న చోట అది ఫ్లోరైడ్‌ను పట్టుకుని రాయిగా కిందికి దించేస్తుంది. తక్కువున్న చోట ఫ్లోరైడ్ నీళ్లలోనే ఉండిపోతుంది. బైకార్బొనేట్ యురేనియాన్ని కూడా అలాగే కరిగించి పట్టుకుని ఉంచుతుంది.

మనవణ్ని పళ్లు చూపించమన్నాను. పై ముందు పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు గీతలు. అవ్వ "చాక్లెట్లు తింటాడు సార్" అంది. చాక్లెట్ల మచ్చ ఇలా రెండు పక్కలా జోడుగా, గీత గీసినట్టు రాదు. చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడే ఫ్లోరైడ్ దెబ్బ కొడుతుంది, సుమారు ఎనిమిదేళ్ల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. వచ్చిన మచ్చ పోదు. ఇంకా రావాల్సిన పళ్లను మాత్రం కాపాడుకోవచ్చు. అవ్వకు మెడ తిప్పడం, వంగడం కష్టంగా ఉంది. అది ఫ్లోరైడ్ వల్లనా, వయసు వల్లనా అన్నది చెప్పడం నా పని కాదు, ఎక్స్‌రే తీసే డాక్టరు పని. చీటీ రాసి పంపించాను.

నైట్రేట్ ఎక్కడి నుంచి వచ్చిందో వెతకాల్సిన అవసరమే రాలేదు. మరుగుదొడ్డి గుంత బోరుకు ఇరవై అడుగుల్లో ఉంది. కేసింగ్ 40 అడుగులే కాబట్టి పైనుంచి ఊరిన నీళ్లు బోరులోకి దిగుతున్నాయి. పెద్దలకు అంత హడావుడి అక్కర్లేదు గానీ, పుట్టబోయే బిడ్డకు పోతపాలు పట్టాల్సి వస్తే ఈ నీళ్లతో కలిపితే ప్రమాదం: నెలల బిడ్డల రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తి తగ్గి ఒళ్లు నీలం తిరుగుతుంది. "కాంచితే సరిపోతుంది కదప్పా" అంది అవ్వ. కాచితే క్రిములు చస్తాయి. నైట్రేట్, ఫ్లోరైడ్, యురేనియం మాత్రం నీళ్లు ఆవిరైన మేరకు చిక్కబడతాయి.

యురేనియం దగ్గర నాకే తికమక. బీఐఎస్, ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండూ 30 మైక్రోగ్రాములంటాయి. మన అణుశక్తి నియంత్రణ మండలి లెక్క 60. మధ్యలో 41. పాస్ అనాలా, ఫెయిల్ అనాలా? నేను పెద్దాయనతో ఇలా అన్నాను: నీళ్లలో యురేనియంతో ముందు భయపడాల్సింది రేడియేషన్‌కు కాదు, మూత్రపిండాలకు. ఫ్లోరైడ్ కోసం ఎలాగూ ఈ నీళ్లు తాగడం మానాలి, దాంతో పాటే ఇదీ పోతుంది. రెండు లెక్కల మధ్య తగువు మీ ఇంట్లో తీర్చక్కర్లేదు.

సంపు సంగతి చిన్నది. మూత పగిలింది, బల్లి పడి ఉంది. మురుగు క్రిములుంటే నల్లబడే చిన్న సీసా పరీక్షలో సంపు నీళ్లు ఒక్క రోజులోనే నల్లబడ్డాయి. కడిగించి, మూత వేయించి, 4,000 లీటర్లకు 25 శాతం బ్లీచింగ్ పౌడరు 32 గ్రాముల చొప్పున వేయడం నేర్పించాను. మిగతా విషయాల్లో ఆ నీళ్లు మంచివే: ఫ్లోరైడ్ 0.6.

11, 100, 96

బోరు నోటి దగ్గర రేడాన్ లీటరుకు 96 బెక్వెరెల్ (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం). కొడుకు ఆ రాత్రే ఫోన్ చేశాడు: "అమెరికాలో 11 దాటకూడదంట సార్, మాది తొమ్మిది రెట్లు." ఆ 11 నిజమే, కాకపోతే అది 1999లో అమెరికా పర్యావరణ సంస్థ ప్రతిపాదించిన అంకె, ఇంతవరకూ చట్టం కాలేదు. యూరప్ వాళ్లు 2013లో పెట్టుకున్న అంకె 100. నెట్‌లో ఏది ముందు కనపడితే దాన్ని బట్టి భయం.

అంకె కంటే ముందు అడగాల్సింది, ఆ 96 నోటి దాకా వస్తుందా అని. మీది ట్యాంకులో ఎత్తు నుంచి పడి, ఒక రాత్రి నిలవుంటే 30 అయింది. వంటింటి బిందెలో 5. దాహానికి తాగే నీళ్లలో రేడాన్ పట్టించుకునేంత లేదు. మరి నీళ్లలో నుంచి పోయిన రేడాన్ ఇంటి గాలిలోకే కదా పోయింది? పోయింది. దానికీ మోటు లెక్క ఒకటి ఉంది: వాడే నీళ్లలో ఉన్నదాంట్లో పదివేలో వంతు ఇంటి గాలికి చేరుతుంది. లీటరుకు 30 అంటే ఘనమీటరు నీళ్లకు 30,000, దాంట్లో పదివేలో వంతు 3. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంటి గాలికి చెప్పే హద్దు ఘనమీటరుకు 100 బెక్వెరెల్, కుదరని చోట 300 దాటకూడదు. ఆ లెక్కన ఈ ఇంటి నీళ్లతో రేడాన్ భయం అక్కర్లేదు. ఈ ముక్క చెప్పి కేసు మూసేసేవాణ్నే. తమ్ముడి సంగతి గుర్తొచ్చి, గాలి కూడా కొలుద్దామన్నాను.

యాపచెట్టుకు కట్టిన డబ్బా

గాలిలో రేడాన్ రోజుకోరకంగా, గంటకోరకంగా మారుతుంది కాబట్టి మూడు నెలలు వేలాడదీసే ఫిల్ము డబ్బాలు పెడతాం. లోపలి ప్లాస్టిక్ ఫిల్ము మీద రేడాన్ వదిలే ఆల్ఫా కణాలు తగిలిన చోటల్లా గుర్తు పడుతుంది. తర్వాత దాన్ని క్షారంలో ఉడికించి గుర్తులు లెక్కపెడతారు. చలికి తలుపులు మూసుకునే నవంబరు నుంచి జనవరి దాకా ముందు హాల్లో, నడిమి గదిలో, వెనక గదిలో ఒక్కొక్కటి పెట్టాను.

హాల్లో 52, నడిమి గదిలో 71, వెనక గదిలో 22.

గుండుకు ఆనుకున్న, కిటికీ సరిగా లేని పాత గదిలో 22 రావడం కుదరదు. అది ఆరుబయట వచ్చే అంకె. డబ్బా తిప్పి చూస్తే దారం ముడి నాది కాదు, ముడిలో ఎండిన యాపాకు ఇరుక్కుని ఉంది. అవ్వను అడిగితే నవ్వేసింది. "మనవని తలకాయ మీద ఆ రేడియేషన్ డబ్బా యాలాడతా ఉంటే నాకు నిద్ర పట్టలే సార్. వాకిట్లో యాపచెట్టుకు కట్టినా. నువ్వొస్తావని నిన్ననే మళ్లీ లోపల పెట్టినా." ఆ డబ్బా రేడియేషన్‌ను పట్టుకునేదే గానీ ఇచ్చేది కాదని నేను పెద్దాయనకు చెప్పాను. ఆ గదిలో పడుకునే మనిషికి చెప్పలేదు. తప్పు నాది, మూడు నెలలు పోయాయి.

ఇంకో మూడు నెలలు ఆగబుద్ధి కాలేదు. గంట గంటకూ రీడింగు ఇచ్చే మిషన్ తెచ్చి రెండు పగళ్లు, రెండు రాత్రులు పెట్టాను. మధ్యాహ్నం తలుపు తీసి ఉన్నప్పుడు 110. రాత్రి తలుపు వేశాక ఎక్కుతూ ఎక్కుతూ తెల్లారుజామున 540. సగటు 310. రెండు రోజుల రీడింగుతో సంవత్సరం లెక్క కట్టకూడదు, నిజమే. కానీ పిల్లవాడు పడుకునే గది అది.

నీళ్ల వల్ల కాదని తేలింది కాబట్టి నేల నుంచే రావాలి. ఊదొత్తి వెలిగించి బండల సందుల వెంబడి పట్టుకుని పోయాను. మంచం కింద ఒక చోట పొగ పైకి తన్నుకొచ్చింది. బండ మీద పిడికిలితో కొడితే డొల్ల చప్పుడు. పెద్దాయన కాసేపు ఆలోచించి, "అది పాతరప్పా!" అన్నారు. "మా తాత జొన్నలు పోసేది. నేను పిల్లోనిగా ఉన్నప్పుడే మూసేసినారు."

గుండు పక్కనే, పన్నెండడుగుల లోతు గుంత, మీద కడప బండ, సందుల్లో సున్నం రాలిపోయింది. చుట్టూ రాతి నుంచి వచ్చే రేడాన్ అందులో నిండుతుంది. రాత్రి బయట చల్లబడి లోపల వెచ్చగా ఉన్నప్పుడు గదిలో గాలి పైకి లేస్తూ కింది నుంచి గాలిని లాగుతుంది. ఇంతకుముందు మిద్దెలో గవాక్షి ఉండేది, కొంత పైకి పోయేది. రెండేళ్ల కింద వాన కారుతోందని దాన్ని సిమెంటుతో మూసేశారు.

బండ ఎత్తే ముందు ఒక మాట. పాతరలో దిగి ఊపిరాడక చచ్చిపోయినవాళ్ల కథలు మన ఊళ్లలో కొత్త కాదు. పాతకాలం వాళ్లు లాంతరు దించి ఆరిందో లేదో చూసేవాళ్లు. మేం దీపాన్నీ నమ్మలేదు, ఎవర్నీ లోపలికి దించలేదు. రెండు రోజులు తెరిచిపెట్టి, ఫ్యాను పెట్టి, పైనుంచే కంకర నింపాం. కంకరలోకి నాలుగంగుళాల పీవీసీ పైపు దించి, గోడ వెంబడి మిద్దె మీదికి రెండడుగులు ఎత్తి వదిలాం. దాని మీద మందపాటి ప్లాస్టిక్ షీటు, కాంక్రీటు, సందులన్నీ పూడ్చడం. గవాక్షి మళ్లీ తెరిపించి వాన పడకుండా మూత పెట్టించాం. పైపుకు చిన్న ఫ్యాను కూడా అవసరం పడుతుందేమో అనుకున్నాను. పడలేదు. మేస్త్రీ మాత్రం పని అయ్యేదాకా నేను ఏదో నిధి కోసం తవ్విస్తున్నానని అనుమానపడ్డాడు.

తమ్ముడు ఈ గది వల్లే పోయాడా అని పెద్దాయన ఒకసారి అడిగారు. తమ్ముడు రోజుకు రెండు కట్టల బీడీలు తాగేవాడు. రేడాన్ ముప్పు పొగ తాగనివాళ్లతో పోలిస్తే తాగేవాళ్లకు దాదాపు 25 రెట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఒక మనిషి విషయంలో ఇదీ కారణం అని వేలు పెట్టి చూపించడం ఎవరివల్లా కాదని చెప్పాను. ఆయన తల ఊపి, పైపు వంక చూస్తూ కూర్చున్నారు.

మిషన్‌లో చిన్న తిరుగుడు

ఆర్వో ఉంది కదా, ఫ్లోరైడ్ గొడవ తీరినట్టే అనుకుని చివర్లో ఆ నీళ్లు కూడా పట్టాను. టీడీఎస్ 420, ఫ్లోరైడ్ 1.2, యురేనియం 14. కొత్త మిషన్‌కు ఇది సరిపోదు. మూత తీసి చూస్తే టీడీఎస్ వాల్వు సగానికి పైగా తెరిచి ఉంది. నీళ్లు మరీ సప్పగా ఉండకుండా, వడకట్టిన నీళ్లలో కొంచెం బోరు నీళ్లు తిరిగి కలపడానికి పెట్టే వాల్వు అది. బోరు నీళ్లు మంచివైతే ఫరవాలేదు. ఇక్కడ దాదాపు మూడో వంతు బోరు నీళ్లే గ్లాసులోకి వస్తున్నాయి. వాల్వు పూర్తిగా మూస్తే టీడీఎస్ 64, ఫ్లోరైడ్ 0.2. ఎండాకాలం 42 డిగ్రీల్లో మనిషి ఐదారు లీటర్లు తాగే ఊళ్లో 1.2ను కూడా నేను ఒప్పుకోను.

అసలు మిషన్‌ను సంపు నీళ్లకు మారిస్తే నయం, వృథా నీళ్లు కూడా తగ్గుతాయి అన్నాను. ఒక బిందె తీయడానికి రెండు మూడు బిందెలు మోరీలోకి పోతున్నాయి, 620 అడుగుల నుంచి తోడిన నీళ్లు. పెద్దాయన వెంటనే ఒప్పుకున్నారు, అవ్వ మాత్రం సంపులో బల్లి సంగతి మర్చిపోవడానికి పదిహేను రోజులు పట్టింది. మరుగుదొడ్డి గుంత మార్చే స్థలం ఇంట్లో లేదు, అది అలాగే ఉంది. బోరు నీళ్లు ఇప్పుడు బట్టలకు, చెట్లకు.

మరుసటి చలికాలం వెనక గదిలో మళ్లీ ఫిల్ము పెట్టాను. ఈసారి అవ్వ చేతికే ఇచ్చి, ఆమె చేతే కట్టించాను. 84 వచ్చింది. అప్పటికి కూతురు బిడ్డతో ఆ గదిలోనే ఉంది.

అదే రోజు మిషన్ నీళ్లలో టీడీఎస్ మీటరు ముంచితే 190. సంపు నీళ్లకు మార్చాక ముప్పై లోపు రావాలి. పోయిన వారం ఫిల్టరు మార్చడానికి వచ్చిన మెకానిక్ "నీళ్లకు రుచి రావాలి కదా" అని వాల్వు మళ్లీ తిప్పి పోయాడట. మూసి, దాని మీద ఎంసీల్ ముద్ద పెట్టాను. ఇప్పుడు లోపలికి వచ్చేవి మంచి నీళ్లే కాబట్టి వెంటనే వచ్చే ప్రమాదం లేదు. కానీ ఎండలు ముదిరి రిజర్వాయరు అడుగంటితే మున్సిపాలిటీ వాళ్లు కూడా బోరు నీళ్లు కలుపుతారు. మే నెలలో సీసాలు పట్టుకుని మళ్లీ పోవాలి.